అక్షరానికి ఇంత

మఠం నుంచి చీటీ వచ్చింది.
సిస్టర్ మరియ దెల్ఫీనా.
కింద మూడు తేదీలు, నీలం సిరాతో:
పుట్టింది, మాటపట్టు తీసుకునింది, పోయింది.

‘అక్షరానికి ఎంత హుస్సేనప్పా?’
రాంచీ కాడి నుంచి వచ్చిన చిన్న సిస్టరు
చెప్పులిడిసి నిలబడి అడిగింది,
నా కొట్టం ఏ దర్గానో అయినట్టు.

నేను రాయి చూస్తాండా.
ఎర్రగుంట్ల గనిలో మూడో పొర.
పగుల్లేదు, సుద్ద చార లేదు,
ఏలితో కొడితే కంచు మాదిరి పలికింది.

ఊర్లో ఈ పేరు ఎవురికీ తెల్దు.
దెల్ఫీనా అంటే ఏ మందు సీసానో అనుకుంటారు.
మాకు ఆమె సూదమ్మ.
కాన్పులమ్మ. తేలు కుడితే సైకిలమ్మ.
నడిరేత్రి లాంతరు ఊగుతా వచ్చిందంటే
ఏ ఇంట్లోనో ఇంకో నోరు పెరిగిందని లెక్క.

మా జేజి చెప్పేది:
కరువేడు, గంజి కేంద్రాల కాలం,
రైలు దిగి ఎండలో నడిచొచ్చినారంట నలుగురు,
ఒక రేకు పెట్టె, ఒక గోడ గడియారం.
అందర్లోకీ చిన్నది మా గడపలో కూలబడి
‘వెళ్ళం, వెళ్ళం’ అనిందంట.
మా జేజి ఉట్టి దించి
ఉన్న ఒక్క బెల్లం ముక్క చేతిలో పెట్టింది.
ఆ పిల్ల దాన్ని చూసి, మా జేజిని చూసి,
ఎండిన నోటితోనే తినిందంట, మొత్తం.
వాళ్ళ దేశంలో వెళ్ళమంటే నీళ్ళని
మాకు తెలిసేసరికి నెల పట్టింది.
తెలిసినా, ఇయ్యడానికి నీళ్ళు యాడున్నాయి?

ఆ నలుగురిలో ముగ్గురికి మా నాయన చెక్కినాడు.
గడియారం ఇంకా ఆడతాంది,
పది నిమిషాలు ఎనక.

నాకు అక్షరాలు నేర్పింది ఈమెనే.
రాత్రిబడి, నాపరాయి పలక,
నా గుప్పెట మీద ఆమె గుప్పెట.
తలకట్టు మర్చిపోతే
‘నెత్తిన గుడ్డేదిరా దీనికి?’ అనేది
తన ముసుగు సర్దుకుంటా.
‘మరియ’లో మకీ యకీ తలకట్టు పెట్టేటప్పుడు
ఉలి రెండుసార్లు ఆగింది.

‘మా ఊరికొచ్చిన తేదీ లేదే?’ అని అడిగినా.
రిజిస్టరు చెదలు తినిందంట.
చీటీలో లేనిది చెక్కగూడదంట.
సరే.
రెండో తేదీకీ మూడో తేదీకీ నడుమ
జానెడు ఖాళీ ఇడిసినా.
లెక్కల పుస్తకానికి బిల్లు కావాలంటాది.
బిల్లు రాసేది నాకెవురూ నేర్పలేదు తల్లీ.

పొద్దుగూకినాక
బిందె తెచ్చి రాయి మీద వొంచినా.
దుమ్మంతా కారిపోయింది.
అక్షరాల గుంతల్లో మాత్రం నిలబడింది
కొంచెం కొంచెం, వెళ్ళం.