బోర్లా వేసిన డిస్కు

గ్దీనియా రేవులో నవంబరు సాయంత్రం
మూడున్నరకే దీపం పెట్టేసుకుంటుంది.
బోగుమిల్ కొట్టు కిటికీకి మాత్రం
ఏడాది పొడుగునా గోధుమరంగు కాగితమే.
"వెలుతురు రాతను తినేస్తుంది" అనేవాడు.
ఈ ఊళ్లో ఎండ ఎక్కడుందని అడిగితే
నావైపు అదోలా చూసేవాడు.

పంతొమ్మిదో ఏట ఆ కొట్టులో చేరాను.
మొదటి పని స్టిక్కర్లు అంటించడం.
నడుమ చిల్లున్న గుండ్రటి కాగితాన్ని
ప్లాస్టిక్ అచ్చుకి తొడిగి, జిగురు పైకి పెట్టి
ఊపిరి బిగబట్టి డిస్కును దింపాలి.
వెంట్రుకవాసి పక్కకు జరిగిందా,
యంత్రంలో పూనకం వచ్చినట్టు ఊగేది.
ఒకసారి పెళ్లి వీడియో మీద కాగితం ఊడి
డ్రైవు నోట్లో ఇరుక్కుంది.
పెళ్లికూతురి పేరు సగం లోపల, సగం బయట.
ఆ నెల నా జీతంలో కోత.

ఆ తర్వాత వచ్చింది ఈ కొత్త డ్రైవు.
ముందు కడుపులోకి పాటలు రాసేది.
తీసి బోర్లా వేస్తే
అదే కిరణం, అదే వేడి,
వీపు మీద పేరు రాసేది.
ఇరవై ఎనిమిది నిమిషాలు.
రంగుల్లేవు, మాడీ మాడని రొట్టె అంచు రంగొక్కటే.
ఓడ వంటవాళ్ల వీడ్కోలు విందు,
మూడో తరగతి పిల్లల డ్యాన్సు,
ఎవరి పాపకో తొలి పన్ను.
అది రాస్తున్నంతసేపూ బోగుమిల్
మమ్మల్ని గట్టిగా దగ్గనిచ్చేవాడు కాదు.

ఎప్పుడు పోయిందో చెప్పలేను.
ఎవరూ చాటింపు వెయ్యలేదు.
ఆ పూత డిస్కులు పది పెట్టెలు అడిగితే
ఓ ఏడాది రెండొచ్చాయి.
మరుసటేడు అవతలివాడు ఫోనెత్తలేదు.
కంప్యూటర్లకు డిస్కు మింగే నోరే పూడ్చేశారు.
కొట్టులోకి తాళంచెవులు కోసే యంత్రం వచ్చింది,
దానితో పాటు రోజంతా ఇనపరజను,
నా టీలో కూడా.

మొన్న జెనోవెఫా అనే పెద్దావిడ వచ్చింది.
చేతిసంచిలోంచి చేతిరుమాలు,
రుమాల్లోంచి డిస్కు.
పైన ఏమీ లేదు. ఏటవాలుగా పట్టుకుంటే
ఎవరో తుడిచిన పలకలా
మసక, అంతే.
టగ్గుబోటు నడిపిన ఆమె భర్త
ఆమె అరవయ్యో పుట్టినరోజుకి
సొంత దస్తూరీతో కాగితం మీద రాసి తెస్తే,
దాన్నే స్కాను చేసి కాల్చింది మేమే.
తొందర మనిషి. నడిమి అక్షరం మింగేసి
"జెనోఫా" అని రాశాడట.

"వీడియో కాపీ చేసిమ్మంటారా?"
"వీడియో మా మనవడి ఫోనులో ఉంది.
నాకు ఇది కావాలి" అంది,
ఏమీ లేనిచోట వేలు పెట్టి.

పాత కంప్యూటరు నిద్ర లేవడానికి పావుగంట.
ఆ రాత దొరికింది, ఏదో బిల్లుల సందున.
అట్టడుగు సొరుగులో, నల్ల కాగితంలో
పూత డిస్కు చివరిదొకటి.
"లోపల ఏం రాయమంటారు?"
"లోపల ఏమీ వద్దు."

బోర్లా వేశాడు.
తాళంచెవికని ఒకతను వచ్చాడు,
బోగుమిల్ వేలెత్తి ఆపేశాడు.
ముగ్గురం, కాదు, నలుగురం,
ఆ చిన్న గరగరను వింటూ నిలబడ్డాం.

రాత లేతగా వచ్చింది. డిస్కుకీ వయసైంది మరి.
ఆమె తాకకుండా, గాల్లోనే వేలాడిస్తూ
అక్షరాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.
తక్కువైనది తక్కువగానే ఉంది.
"సరిగ్గా ఉంది" అంది.

"ఎండలో పెట్టకండి."
"ఎండ ఎక్కడుందయ్యా ఇక్కడ?"
బోగుమిల్ నావైపు చూడలేదు.

బిల్లులో ఏమని రాయాలో నాకు తెలియలేదు.
ఖాళీ డిస్కు, ఒకటి, అని రాశాను.
వచ్చినతను ఇంకా గుమ్మంలోనే,
పళ్లరిగిన తాళంచెవి పట్టుకుని.