ముద్ర పడని సెయ్యి

మంగళారం టెక్కలి కోర్టులో నా సాచ్చికం.
శనారం పొద్దుగూకినాక
గుమ్మంకాడ ఒక సంచి కనపడ్డాది.
ఇప్పి సూస్తే కేజీ జీడిపప్పు.
ఒక్క ముక్క లేదు, అంతా గుండే.
దాని మీద రెండు రైలు టికెట్లు,
నౌపడ మీంచి గుణుపురం.
ఒకటి నాకు. నా మనవడిది అర టికెట్టు.
వాడి వయసు వాళ్ళకి తెల్సు.

ఇరవైరెండేళ్ళు కాశీబుగ్గ పేక్టరీల్లో పిక్క కొట్టినాను.
గేటుకాడ కొంగు దులిపి సూపించి
బయటికొచ్చేదాన్ని రోజూ.
ఇన్నాళ్ళకి నోరు మూసుకుంటే కేజీ!

నాను సూసింది ఇంతే.
బాయిలర్ గొట్టం కారతందని
కాంచన మూడ్రోజులు మొత్తుకుంది.
మేస్త్రీ నవ్వినాడు.
నాలుగోనాడు ఆవిరిలోంచి ఆ గుంటని
గోనెపట్టాలో ఎత్తినారు.
రిజిస్టర్లో దాని పేరు లేదట,
అలాటి గుంటే లేదట.
ఉంది.
నా పక్కన పీటేసుకుని, నా కేరేజీలో గంజి తాగింది,
ఉప్పు సాలలేదని కూడా అంది.

ఆదివారం పాటలైనాక
అయ్యగారు నన్ను రేకుల మందిరం ఎనక్కి పిలిచినారు.
"రిబ్కమ్మా, నాల్రోజులు తప్పుకో తల్లీ.
ప్రభువుని ఎత్తుకుని ఐగుప్తుకి పారిపోలేదా?
అది పాపం కాదు."
మంచోరే. గొంతు వొణుకుతంది.
ఆయనకీ ఇద్దరు ఆడపిల్లలు.
"పోనారయ్యగారూ," అన్నాను,
"చంటోడప్పుడు పోనారు.
పెద్దయినాక తోటలో కూకున్నారు కదా,
ఆ రాత్రి తోటకి ఎనక దారి లేకనా?"
ఆయన కళ్ళజోడు తీసి
సానాసేపు తుడుసుకున్నారు.

టికెట్లు పాడుసెయ్యలేదు.
పెద్ద టికెట్టు మీద నా సెల్లెలు పుణ్యవతి,
అర టికెట్టు మీద గిద్యోనుగాడు
సోమారం పొద్దున్న బండెక్కినారు.
కిటికీలోంచి సెయ్యి సాపి
"ఎప్పుడొస్తావే మామ్మా?" అన్నాడు.
"బుధారం" అన్నాను.
బుధారం నా సేతిలో లేదు. అయినా అన్నాను.

పప్పు సంచి మేకుకి తగిలించి ఉంది,
జడ్జిగారికి సూపించాల.

నాకు భయం లేదనుకుంటన్నారేమో!
కుక్క మొరిగితే కడుపు జారిపోతంది.
రాత్రి అది కూడా నాతోపాటు మంచమెక్కింది.
దుప్పటి సగం దానికి కప్పి
గోడకేసి తిరిగి ప్రార్థన సేసినాను.
కాపాడమని నోరు రాలేదు.
సూస్తన్నావా, అని అడిగినాను.
ఆ ఆవిరిలోకి సూసింది మనిద్దరమే.
నీకు సమన్లు అందవు.
నాకు అందినాయి.
ఎల్లడం నా వంతు, ఎనకాల ఉండడం నీ వంతు.
ఉంటావనే నమ్మి పడుకున్నాను,
నిద్దరైతే పట్టలేదు.

జీడిరసం కొరికి కొరికి
నా ఏలిముద్రలు ఎప్పుడో పోనాయి.
రేషన్ మిషన్ నన్నెరగదు,
పింఛనుకి కన్ను సూపించాల.
ముద్రే లేని మనిషి మాటేటని
వాళ్ళ ప్లీడరు నవ్వుతాడట.
నవ్వనీ.
నన్ను సేసినోడు
గీతలు సూసి గుర్తెట్టుకోడు.

అదిగో, ఈదిలో బండి ఆగింది.
ఇంజను ఆపలేదు.
దీపం ఆర్పలేదు నాను,
సేతులికి ఆముదం రాసుకుంటన్నాను.
రేపు ఏలు పడకపోతే
సెయ్యి మొత్తం ఎడతాను.