పోటు

ఇస్కపల్లి ఉప్పుమళ్ళ కాడ
మొదటి బస్తా కంటే ముందు
కాటా మీదికి నేనెక్కుతా.
చెంచురామయ్య కళ్ళజోడు తుడుచుకొని
ఉప్పు లెక్కల పుస్తకంలోనే రాస్తాడు:
వెంగమ్మ, యాభై ఒకటిన్నర.
కింద గీత కొట్టి, మళ్ళా బస్తాలు.

మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే
అది ఒళ్ళు కాదు, నీళ్ళంట.
గుండె తోడలేక వదిలేసిన నీళ్ళు
చీలమండల కాడ మడి కడతాయంట.
మడి కట్టడం నాకు తెలీదా?

ఎర్రమందు ఎక్కించే ముందర
నెల్లూరు ఆసుపత్రిలో చల్లటి జిగురు పూసి
రిహానా అనే పిల్ల తెర నా వైపు తిప్పింది.
చూడు పెద్దమ్మా, నీదే.
చూశా.
కాలవ నోట్లో తూము తలుపు మాదిరి
తెరుచుకుంటా మూసుకుంటా
యాభై రెండేళ్ళుగా, నన్నడక్కుండా.

అరవై ఉన్నింది
నాలుగో సూదికి నలభై ఎనిమిదికి దిగింది.
గడ్డ కరిగిందని నవ్విన డాక్టరమ్మే
ఆ అంకె చూసి నవ్వాపింది.
మందు మార్చింది.
పొద్దున సగం మాత్ర, రాత్రి సగం.

కరెంటు పెట్టిన రోజుల్లో
ఊపిరి నిండా పీల్చి బిగబట్టమన్నారు.
ఎడమ రొమ్ము గదా,
అట్టా పడితే గుండె కాస్త ఎడంగా జరుగుతుందంట.
గంప నెత్తికెత్తేటప్పుడు
ముప్పై ఏళ్ళు బిగబట్టిన ఊపిరే అది.
దాని చాటున గుండె దాక్కుంటదని
ఎవురూ చెప్పలా.

ఇప్పుడు గంప లేదు. సంచులు కుట్టే పని.
సాయంత్రం గట్ల మీద అరగంట నడక,
ఆయాసమొస్తే నిలబడి
కొంగల్ని చూస్తున్నట్టు నటిస్తా.

ఉప్పు తగ్గించమన్నారు, ఉప్పుమళ్ళ మనిషిని!
మా మరిది పగలబడి నవ్వాడు.
పులుసులో మామిడికాయ ముక్క రెండెక్కువేసి
నాలుకని మోసం చేస్తుండా.
గాలికి పెదాల మీద పేరే ఉప్పుని మాత్రం
ఏ చీటీలోనూ రాయలేదు.
అది నాదే.

సముద్రానికి రోజుకి రెండు పోట్లు.
దాన్ని తూములోంచి కొంచెంగా రానిచ్చి
తలుపు దించుకొని బతికినోళ్ళం.
పోటంటే మాకు భయం కాదు,
వేళ తెలియాల.

నిన్న యాభై రెండుంబావు.
చెంచురామయ్య కలం ఆపి నా కాళ్ళకేసి చూశాడు.
రాత్రి రెండు దిండ్లేసుకొని పడుకున్నా,
నిద్ర రాలేదు.

ఈ పొద్దు యాభై ఒకటీ ముప్పావు.
రాసి, గీత కొట్టి,
దిగమ్మే, అన్నాడు,
బస్తా రావాల.