ఆ ఒడ్డు

ఆదోనిలో పత్తి మార్కెట్ వెనక సందు,
గఫూర్ మిద్దె మీద గేముల అంగడి.
గంటకు ముప్పై. కూలరు తిరగదు.

మూడేండ్ల కింద ఒక మధ్యాన్నం
నేనూ మద్దిలేటీ ఆ ఆట ముగించినాం.
ముసిలి పడవోడు పిల్లను ఎక్కించుకోని
పొగమంచులోకి తెడ్డేసినాడు, అంతే.
తెర నల్లబడి పేర్లు పైకి పోతా ఉంటే
ఇద్దరం లేయలేదు.
గఫూరూ గడియారం చూడలేదు.

పడవ యాడికి పోయిందో ఎవరూ చెప్పలే.
నా లెక్కన, దిగువ కాలవకు నీళ్లొదిలిన రాత్రి
మా చేని గట్టుకొచ్చి తగిలింది.
మద్దిలేటి లెక్కన ఇంగా పోతానే ఉంది.
జిన్నింగు మిల్లులో నైటు డ్యూటీ వానిది;
ట్యూబులైటు కింద పత్తి నుసి లేస్తే
వానికి అదే మంచు.

ఇప్పుడు రెండో భాగమంట.
ట్రైలర్లో ఒడ్డు చూపించేసినారు:
తెల్లిసుక, కొత్త శత్రువులు,
పెద్దదైన పిల్ల చేతిలో తుపాకి.
ఫోను నాకిచ్చేసి మద్దిలేటి అన్నాడు,
"బాగుందిలేప్పా. మనది కాదు."

తలూపినా.
విస్తరి మడిచి లేసినోన్ని
మళ్లా పంక్తిలో కూచోబెట్టినట్లుంది.

అయినా గఫూరుకు రెండు నూర్లు
అడ్వాన్సు కట్టొచ్చినా.
ముసిలాయన ఉన్నాడో లేదో
అదొక్కటి చూసి లేస్తా.
మద్దిలేటికి చెప్పొద్దండి.