మూడో నంబరు కుర్చీ

మార్సెయ్‌లో పాత రేవు వెనక సందులో
ఊళ్ళోవాళ్ళ పంట్లాములు పొట్టిచేసి బతుకుతాను నేను.
ఎక్కువైంది కత్తిరిస్తాను, చాలనిచోట
అతుకు తెలియకుండా కుడతాను.
ఈ వీసా దరఖాస్తులో మాత్రం మా అన్న హ్రాంత్‌ని
ఎక్కడ మడవాలో అంతుపట్టలేదు.

ప్రయాణానికి కారణం?
“సముద్రం చూడ్డానికని రాయి” అన్నాడు ఫోన్లో.
అది కారణం కిందికి రాదన్నాను.
“చుట్టూ కొండలే ఉన్న దేశంలో పుట్టానే,
అంతకన్నా ఏం కావాలట వాళ్ళకి?”

ఎనభై ఎనిమిది డిసెంబరులో
గ్యుమ్రీలో మా బడి కూలింది.
కాంక్రీటు పలక కింద పద్నాలుగు గంటలున్నాడు.
బయటికి తీశాక నా జడ పట్టుకు లాగి నవ్వాడు.
నలిగిన కండల విషం మూత్రపిండాల్లోకి దిగిందని
డాక్టర్లు తరవాత చెప్పారు.
అప్పటికి కోలుకున్నాయి.
ముప్పై ఏళ్ళు నోరెత్తకుండా ఊరుకుని
ఇప్పుడు వడ్డీతో సహా వసూలు చేస్తున్నాయి,
వారానికి మూడుసార్లు, పూటకి నాలుగ్గంటలు.

ముప్పైవేల యూరోల బీమా ఉండి తీరాలట.
ముందునుంచీ ఉన్న జబ్బుకి వర్తించదట.
వాన పడనంతసేపే పనికొచ్చే గొడుగుని
డబ్బిచ్చి కొన్నాను.

“జబ్బు ఊసెత్తకు,” అన్నాడు కాఫీకొట్టు గారో,
“టూరిస్టని రాసెయ్. దిగాక ఆస్పత్రివాళ్ళు
కాదంటారా, గెంటేస్తారా?”
రాత్రంతా ఆ మాట దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.
పొద్దున్నే అన్న ఫోను తన ఎడమచేతికి ఆనించాడు.
రక్తనాళాలు కలిపి కుట్టినచోట
గాజుసీసాలో చిక్కిన తేనెటీగలా
ఒకటే రొద.
“విన్నావా? దీన్ని ఏ జేబులో దాచమంటావు?”

సరే, ఉన్నదున్నట్టే రాశాం.
పన్నెండు రోజులకి ఐదు డయాలసిస్‌లు,
ఇక్కడి క్లినిక్కులో ముందే డబ్బు కట్టి రసీదు జతచేశాను.
అందుకోసం ఓవర్‌లాక్ మిషను అమ్మాను.
ఒక మిషనిచ్చి ఇంకో మిషను
గంటల లెక్కన అద్దెకి తెచ్చుకున్నట్టు.
అక్కడి డాక్టరమ్మ త్సోవినార్
(మా భాషలో ఆ పేరులోనే సముద్రముంది)
రెండు ముక్కల్లో ఉత్తరమిచ్చింది:
ప్రయాణం చెయ్యగలడు. తిరిగి రావాలి.

యెరెవాన్‌లో గాజుతలుపు అవతల ఆఫీసరు అడిగిందట,
సొంతిల్లుందా? అద్దెది.
ఉద్యోగం? చెప్పులు బాగుచేస్తాను, ఓపికున్న రోజుల్లో.
భార్యాపిల్లలు? లేరు.
మరి తిరిగొస్తావని ఏమిటి నమ్మకం?

“మంగళ, గురు, శని,” అన్నాడట మా అన్న,
“కిటికీ పక్కన మూడో నంబరు కుర్చీ నాది.
రెండు వారాలు దాటితే ఇంకొకరికిచ్చేస్తారు.
బయట పదకొండుమంది కాచుకున్నారు.
పొలం ఉన్నవాడు పొలం వదిలి పారిపోగలడమ్మా.
ఆ కుర్చీ ఉన్నవాణ్ణి, నేనెక్కడికి పోతాను?”

ఆమె టైపు చెయ్యడం ఆపిందట.
ఇది చెప్పి అన్న పగలబడి నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే
రసీదు తీసుకున్న రోజే, క్లినిక్కు మెట్లు దిగబోయి ఆగి,
మళ్ళీ పైకెళ్ళి అడిగాను నేను:
ఎవరైనా ఇక్కడే ఉండిపోతే
కుర్చీ దొరకడానికి ఎన్నాళ్ళు పడుతుందని.
గొంతు తగ్గించి అడిగాను.
ఆఫీసరు అనుమానం తప్పు కాదు,
మనిషి తప్పు.

వీసా వచ్చింది.
సరిగ్గా పన్నెండు రోజులు.
కుట్టుకోసం అంగుళమైనా వదలకుండా
కొలిచి కత్తిరించిన గుడ్డ.

రోజుకి లీటరు దాటకూడదు ఆయన,
చారూ టీ పండురసం అన్నీ కలిపి.
ఇంట్లో ఉన్నవాటిలో చిన్న గ్లాసు వెతికి కడిగి బోర్లించాను.
సాయంత్రం రేవుకెళ్ళి చాలాసేపు నిలబడ్డాను.
ఎప్పుడూ ఇన్ని నీళ్ళేనా ఇక్కడ?