తొమ్మిదో నంబరు

జెర్సీల మీద పేర్లు అతికించేది దియోలిందా.
ప్రతి జూన్‌లోనూ ఇస్త్రీపెట్టె ఆవిరికి
ఒక్కో అక్షరం ఊడదీసి
బిస్కెట్ల డబ్బాలో దాచేది.
మళ్లీ ఎవడో కుర్రాడొస్తాడు,
సగం అక్షరాలు వాడికీ సరిపోతాయి.

రేవు పట్నం క్లబ్బు మాది.
గోల్ కొట్టడం నేర్పేది మేము,
కొట్టిన కాలు కొనుక్కునేది లిస్బన్.

ఈసారి మాకూ దొరికాడో ఆసామి.
విమానం దిగకుండానే సంతకం పెట్టాడట.
ఎవ్వరినీ అమ్మనన్నాడు.
అన్నట్టే, వాల్దెమార్ వెళ్ళలేదు!
తొమ్మిదో నంబరు మీద వాడి పేరు
రెండో ఏడూ చెక్కుచెదరలేదు.

టికెట్టు మాత్రం మూడింతలైంది.
గోడ బయట చేపల లారీ ఎక్కి
అరుపుల్ని బట్టి స్కోరు లెక్కకడుతున్నాం.

దియోలిందా మా పక్కనే.
పేర్లిప్పుడు ఫ్యాక్టరీలోనే అచ్చయి వస్తాయి.
ఒళ్ళో డబ్బా మూత తీసి
వెతికి వెతికి,
తన పేరుకి
ఒక్క అక్షరం తక్కువైందంది.