తొమ్మిది వోల్టులు

నాలిక కొసకు ఆనిచ్చి చూసిన,
చుర్రుమంది.
ఇయ్యాల్టికి ఢోకా లేదనుకున్న.

పాత బ్యాటరీ సచ్చేముందు చెప్పేది:
గిటార్ గొంతు బొంగురుపోయేది,
మందపు తీగె దగ్గినట్టయ్యేది.
స్టేషన్ రోడ్డు యాకయ్య దుకాణంల
నెలకు మూడు కొని మూడు పారేసి
సిగ్గై,
ఈ చార్జింగ్‌ది తెచ్చుకున్న.
"దీనికి ముసలితనం ఉండదు బిడ్డా,
ఉన్నన్ని రోజులు నిండుగుంటది,
పోతే పోతది" అన్నడు
రేడియో వీపు విప్పుకుంట.

కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల
ఫిట్టర్ జోజప్ప రిటైర్‌మెంటు రాత్రి,
నాలుగో పాట నడుమ
పుటుక్కున
వేళ్లు ఆడుతున్నయ్, గిటార్ లేదు.

మొన్న రిహార్సల్ అయినంక
జాక్ గుంజుడు మర్సిన.
రాత్రంతా, ఎవలూ ముట్టని తీగెల కాడ
మేలుకొని కూసున్నట్టుంది పాపం.

డోలక్ ఆగలే.
జోజప్ప లేసి
ముప్పయ్యారేండ్లు స్పానర్ పట్టిన చేత్తోటి
బల్ల మీద దరువందుకున్నడు.
బయట సిగ్నల్ కాడ గూడ్సు బండి
ఒక్కో డబ్బా గుంజుకుంట కదిలింది.

ఇప్పుడు పండుకునేముందు రెండు పనులు:
గ్యాస్ కట్టేసుడు, జాక్ గుంజుడు.
చార్జర్ మీది ఎర్రసుక్క
ఆకుపచ్చగ మారిందాక కూసుంట.

నాలికను మాత్రం
ఇగ నమ్మ.